ముందుగా వచ్చిన చాయ్

కుడి చెయ్యే, ఎడమది కాదు, గడ్డం గీసుకునే ప్రతి పొద్దూ అద్దంలోని మనిషికి అది ఎడమ చెయ్యిలా కనిపించి ఒక్క క్షణం ఊరట ఇస్తుంది, కానీ బ్లేడు పట్టింది ఈ చెయ్యే, ముప్పై ఒక్క ఏళ్లు సహకార శాఖలో సంతకాలు పెట్టిందీ ఇదే, పెళ్లినాడు యమున చిటికెన వేలు పట్టుకున్నదీ ఇదే, ఎనిమిదేళ్ల కింద కమ్యూనిటీ హాల్లో భుజం దాటి, చెవి దాటి పైకి లేచిందీ ఇదే, అనుకుంటూ రామలింగం నురగ కడుక్కున్నాడు, ఆదివారం, తొమ్మిదింపావు, పదింటికి మీటింగు, సర్వసభ్య సమావేశం అని కాలనీ ప్రెసిడెంటు మహిపాల్ వాట్సాప్‌లో పెట్టాడు, ఎజెండాలో మూడు అంశాలు, వీధిదీపాలు, బోరు మోటారు, మూడోది సమ్మమ్మ ఇంటి కిరాయి విషయం, విషయం అనే రాశాడు, అంతకుమించి ఎవరూ రాయరు, పాత మినిట్స్ పుస్తకంలో కూడా అంతే, కుటుంబాలు కాని వారికి ఇళ్లు అద్దెకు ఇవ్వరాదని సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు, ఇద్దరు మగవాళ్లు ఒక ఇంట్లో ఆలుమగల్లా ఉంటున్నారన్న మాట ఆ వాక్యం వెనక ఎక్కడో నక్కి కూర్చుంది, గుండ్రటి అక్షరాలు, గుడులూ కొమ్ములూ కుదురుగా, సారు రాత ముత్యాలు అన్నారెవరో అప్పుడు, ఆ ముత్యాలు కూడా ఈ చేతివే, వంటింట్లోకి పోయి మిక్సీలో పల్లీలు వేసి బటన్ తిప్పాడు, అది గుర్రుమంది, ఎనిమిదేళ్లుగా ఒక్కరోజు మొరాయించని మిక్సీ, బేరింగ్ కొత్తది వేసిన సారూ, పెద్ద జార్ మీద ఎక్కువసేపు తిప్పొద్దని అక్కకు చెప్పుండ్రి, అన్నాడు ఆ ఇద్దరిలో ఒకడైన కాశిఫ్, ఇల్లు ఖాళీ చేసి పోయిన రోజు, సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తూ, మధ్యలో ఆగి, వానలో తడుస్తూ, బాగుచేయడానికి తీసుకున్న మిక్సీని గుడ్డలో చుట్టి గేటు దాకా తెచ్చిచ్చి, కాలనీ మొత్తం నిన్ను పొమ్మంటే నువ్వు ఒకరి మిక్సీ గుర్తుపెట్టుకుని ఇచ్చిపోతావా, చట్నీ చాలు, ఒక్కడికి ఇంతెందుకు, అని ఆపేశాడు, ఆపినా ఆ గుర్రు చెవిలో కాసేపు తిరుగుతూనే ఉంటుంది రోజూ.

చొక్కా తొడుక్కుంటుంటే రెండో గుండీ దగ్గర వేలు ఆగింది, తెల్ల చొక్కాకు నీలం దారం, యమునకు చివరి ఏడాది చూపు మసకబారి రంగులు తెలిసేవి కావు, ఆ దారం ఇప్పటికీ ఊడలేదు, ఇంత చాలు ఒక పొద్దుకు అనుకుని చెప్పులేసుకుని గల్లీలోకి వచ్చాడు, మూల మలుపులో సమ్మమ్మ గేటు ముందు అడుగు తప్పినట్టయింది, ముగ్గు, పదిహేను చుక్కల ముగ్గు, గీత ఎక్కడా వణకలేదు, ఎనిమిదేళ్లుగా అక్కడ ఉత్త నీళ్లు చల్లిన మరకే ఉండేది, అంతకుముందు మూడేళ్లు రోజుకో ముగ్గు, కాలనీ ఆడవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకునేవాళ్లు, సమ్మమ్మ వేసిందనుకునేవాళ్లు, మోకాళ్లు వంగని ముసలమ్మ ఎట్లా వేస్తుందని ఎవరూ అడగలేదు, అవి కుమారస్వామి ముగ్గులు, పెద్ద దవాఖాన ల్యాబులో రక్తం తీసే కుమారస్వామి, చౌరస్తాలో మోటారు వైండింగ్ దుకాణం పెట్టుకున్న కాశిఫ్, ఇద్దరూ ఆమె వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు, అన్నదమ్ములట అని కొన్నాళ్లు, దోస్తులట అని కొన్నాళ్లు, తర్వాత ఒకనాడు ఎవరి కంటో పడింది, మేడ మీద కుమారస్వామి తలకు కాశిఫ్ నూనె పెడుతుండటం, అంతే, తలకు నూనె పెట్టడం, ఇద్దర్ల ముగ్గేసేటిది ఎవరని హాల్లో ఎవరో అంటే ఎంత నవ్వారు, ఆ ముగ్గులు కాపీ చేసుకున్న వాళ్లే నవ్వారు, ఇప్పుడు గేటు తీసుకుని సమ్మమ్మ వస్తోంది, నడిచి కాదు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, ముందు కాశిఫ్, వెనక కుమారస్వామి, కుర్చీ కాళ్లు పట్టుకుని, ఏం సారూ మీటింగుకేనా, నేనూ వస్తాన, పల్లకిల, అన్నదామె పళ్లు లేని నోటితో, శ్రావణంలో బాత్రూంలో జారి తుంటి విరిగినప్పుడు రెండు గంటలు తడి బండల మీదే పడి ఉండి కొంగున ముడేసుకున్న ఫోన్‌తో ఎవరికి చేసింది, పక్కిళ్లకు కాదు, కుమారస్వామికి, వాళ్లే ఎత్తుకుపోయారు, వాళ్లే ఒళ్లు తుడిచారు, ఇప్పుడు వాళ్లనే వెనక పోర్షన్‌లో ఉండమంటోంది, వాళ్లొస్తే సంఘం బోరు నీళ్లు బందు చేస్తామంటున్నారు, నా ఇంట్ల నేను పడ్డనాడు ఒక్కల్లు రాలే సారూ, నా ఇంట్ల ఎవలుండాల్నో చెప్పనీకి ఇంతమంది వస్తరు, అన్నది, సలాం సారూ అన్నాడు కాశిఫ్, గడ్డంలో తెల్ల వెంట్రుకలు, కుమారస్వామి మాత్రం చూసి చిన్నగా తలూపాడు, ఆ తలూపుడు తనకు తెలుసు, రామలింగం చూపు ముగ్గు మీదికి దించుకున్నాడు, తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.

ఆ తలూపుడు దవాఖానలో మూడు వారాలు రోజూ చూశాడు, నాలుగేళ్ల కింద, యమునకు కిడ్నీలు సరిగా పనిచేయక చేర్పించినప్పుడు, నరం దొరకదు, సిస్టరు గుచ్చుతుంది, తీస్తుంది, గుచ్చుతుంది, చేతులు నల్లగా కమిలిపోయాయి, ల్యాబు నుంచి కుమారస్వామిని పిలవండి ఆయనకే దొరుకుతయి అన్నారు, అతను వచ్చాడు, మంచం కాడి చార్టు మీద పేరు చూశాడు, తర్వాత తన మొహం చూశాడు, తలూపాడు, అంతే, యమున చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు, వేడి పుట్టేదాకా, చలికాలం పిల్లల చేతులు రుద్దినట్టు, అక్కా జర పిడికిలి బిగించు, ఆఁ గంతే, అయిపాయె, అన్నాడు, నొప్పి తెల్వలే తమ్మీ అన్నది యమున, మూడు వారాల్లో ఆమె నవ్వింది ఆ పొద్దుల్లోనే, తను వరండాలో నిలబడేవాడు, లోపలికి పోతే ఏదైనా అనాల్సి వస్తుందని, మన్నించమని అనాలా, ఎట్లా ఉన్నారని అడగాలా, ఎక్కడ ఉంటున్నారని అడగాలా, ఎక్కడ ఉంటున్నారని ఎట్లా అడుగుతాడు తను, పోతూ పోతూ అతనే ఆగి సారూ చాయ్ తాగిండ్రా అనేవాడు, ఆ మాట మీద ద్వేషం మచ్చుకైనా ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో దొరికేది, తాగిన అని అబద్ధం చెప్పేవాడు, యమున పోయిన పొద్దున కూడా అతను సీసాలు పట్టుకుని వచ్చాడు, మంచం ఖాళీ చూసి ట్రే కింద పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎవరికి ఎవరు ఏమవుతారని దవాఖానలో ఎవరూ అడగరు.

హాల్లో ముప్పై ఒక్క ఇళ్ల వాళ్లు, రాండ్రి రాండ్రి సారూ, కూసోండ్రి, పానం మంచిగున్నదా, అని మహిపాల్ ఎదురొచ్చి కుర్చీ లాగాడు, చెడ్డవాడు కాదు మహిపాల్, యమున పాడెకు భుజం పట్టాడు, అదే కష్టం, చెడ్డవాళ్లయితే ఎదిరించడం తేలికయ్యేది, పక్క కుర్చీలో రాజేశ్వర్ రావు ఉన్నాడు, రిటైర్డ్ హెడ్మాస్టరు, మీటింగుల్లో ఎప్పుడూ పక్కపక్కనే, ఆ రోజూ అంతే, సంతకాల రిజిస్టరు చేతికొచ్చింది, ఇరవై మూడో నంబరు ఇంటి ఎదురుగా ఇంకా యమున పేరే, ఇల్లు ఆమె పేరు మీదే, నర్సు ఉద్యోగం లోను మీద కట్టిన ఇల్లు, పోయాక పేరు మార్చమని మహిపాల్ రెండుసార్లు అడిగితే రేపు మాపంటూ గడిపాడు, ఆమె పేరు పక్కన ఎప్పుడూ తన సంతకమే, రామలింగం కలం ఎత్తి ఆగిపోయాడు, సభ్యురాలు యమున, ఇంటికో ఓటు, సంఘం నియమావళి రాసింది తనే, సభ్యుడు స్వయంగా ఓటెయ్యాలి అని రాసింది తనే, ముప్పై ఒక్క ఏళ్లు మరిపెడలో ములుగులో ఏటూరునాగారంలో సంఘం ఎన్నికలు జరిపించినవాడు, పెట్టెలకు లక్క వేసి సీలు కొట్టినవాడు, ఒకరి ఓటు ఇంకొకరు వేస్తే లేపి బయటికి పంపినవాడు, ఆ రోజు ఈ హాల్లో ఎవరి ఓటు వేశాడు తను, ఆడవాళ్లు వెనక బెంచీల్లో, మగవాళ్ల చేతులు పైకి, కాలనీలో అందరూ అట్లాగే చేసేవాళ్లు, అందుకే తప్పనిపించలేదు, ఇప్పుడు వేళ్లలో కలం చల్లగా తగిలింది.

ఆ రోజు యమున ఎక్కడుంది, చాయ్ పట్టుకుని ఉంది, అది గుర్తే, తీర్మానాన్ని బలపరిచే వాళ్లు చేతులెత్తుండ్రి అనగానే పక్కన రాజేశ్వర్ రావు చెయ్యి లేవడం కంటి కొసన కనిపించింది, హెడ్మాస్టరే ఎత్తాడంటే, అనుకున్నాడు, అనుకునేలోపే తనదీ లేచింది, ఎదురుగా యమున స్టీలు ట్రేలో పదో పన్నెండో కప్పులు పెట్టుకుని కుర్చీల మధ్య నడుస్తోంది, రెండు చేతులూ ఖాళీ లేవు పాపం అనుకున్నాడు, నిజంగా అట్లాగే అనుకున్నాడు, ఇన్నేళ్లూ, ఆమె ఒక్క మాట అనలేదు ఇంటికొచ్చాక, మూడు రోజులు అన్నం వడ్డించి అవతలి గదిలోకి పోయి తిన్నది, అంతే, మరుసటేడు సెప్టెంబరులో టీవీలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఇష్టపడ్డ ఇద్దరు మగవాళ్లు కలిసుంటే నేరం కాదని, యమున రిమోట్ అందుకుని సౌండు పెంచింది, గల్లీలోకి వినపడేంత, జర తగ్గించు అన్నాడు తను, ఎందుకు తగ్గించాలె అన్నది, కళ్లు టీవీ మీంచి తిప్పకుండా, తను చెప్పులేసుకుని పాల ప్యాకెట్ కోసం పోయాడు, ఇంట్లో పాలున్నాయి.

వీధిదీపాలు అయిపోయాయి, బోరు మోటారు అయిపోయింది, ఇగ మూడోది అన్నాడు మహిపాల్, గొంతు సవరించుకుని, మనది ఫ్యామిలీల కాలనీ, పెండ్లయినోళ్లున్నరు, పిల్లలున్నరు, సమ్మమ్మవ్వ మన పెద్ద మనిషి, ఆమెకు సాయం కావాల్నంటే మనిషిని పెడుదాం, కానీ అసొంటోళ్లు మళ్ల వద్దు, పాత తీర్మానమే మళ్ల పాస్ చేసుకుందాం, కాదంటే బోరు కనెక్షన్ బందు, ఏకగ్రీవం అయితే అందరికీ ఇజ్జత్, ఆలుమగలకిస్తం ఇల్లు, మగ మగలకిస్తమా, అన్నాడెవరో వెనక నుంచి, నవ్వులు, గుమ్మం దగ్గర కుర్చీలో సమ్మమ్మ నవ్వలేదు, ఆమె వెనక గడప అవతల, మోసుకొచ్చిన వాళ్లవి, రెండు జతల చెప్పులు కనిపిస్తున్నాయి, మనుషులు కనిపించరు, చెప్పులు కనిపిస్తాయి, అవి కదలడం లేదు, అప్పుడే చాయ్ మనిషి కేటిల్ పట్టుకుని లోపలికి రాబోయాడు, ఆగవయ్యా అని చెయ్యి అడ్డం పెట్టాడు మహిపాల్, తీర్మానం కానియ్యి, చాయ్ తాగినంక ఒక్కడు కూసుంటడా ఈడ, ఎన్నడన్న ముందిచ్చినమా, రామలింగం తలెత్తాడు, ఎన్నడూ ఇవ్వలేదు, ఇరవై రెండేళ్లలో ఏ మీటింగులోనూ తీర్మానాలు అయ్యేదాకా చాయ్ రాదు, అది ఈ హాలు రివాజు, ఒక్క రోజు తప్ప, ఒక్క రోజు ముందే వచ్చింది, యమున లేచి వెనకకు పోయి కప్పుల్లో తనే పోసుకుని, చేతులెత్తుండ్రి అనే మాటకు సరిగ్గా ముందు రెండు చేతులా ట్రే పట్టుకుని వచ్చింది, చేతులు ఖాళీ లేక కాదు, ఖాళీ లేకుండా చేసుకుంది, ఆమె ఓటు అట్లా వేసింది, దాని మీద తన చెయ్యి ఎత్తి తను కొట్టేశాడు, కొట్టేసి ఏకగ్రీవంగా అని రాశాడు.

బలపరిచే వాళ్లు చేతులెత్తుండ్రి అన్నాడు మహిపాల్, బట్టల చప్పుడు, లేవబోతున్న చేతుల చప్పుడు, మరిపెడలో ఒక ఎన్నిక గుర్తొచ్చింది, వెంకటయ్య అనే చిన్న రైతు, పటేలు ముందు చెయ్యి భుజం దాకా లేచి ఆగింది, అటు పోలేక ఇటు దిగలేక వణికింది, ఆ చెయ్యి చూసొచ్చాకే కాలనీ నియమావళిలో పద్నాలుగో నియమం రాసుకున్నాడు, ఒక్క సభ్యుడు కోరినా రహస్య ఓటు జరపాలని, రాసి మర్చిపోలేదు, ఆ రోజూ గుర్తుంది, నోటి దాకా వచ్చింది, మింగాడు, ఇప్పుడు మోకాళ్లు తమంతట తామే లేచినట్టు లేచి నిలబడ్డాడు, బ్యాలెట్ పెట్టుండ్రి అన్నాడు, ఏంది సారూ, బ్యాలెట్ పెట్టుండ్రి, పద్నాలుగో నియమం, సారుకు ఇంకా డ్యూటీ దిగలేదు అన్నాడెవరో, గింత ముచ్చటకు బ్యాలెట్టా సారూ, మనల మనం అనుమానించుకున్నట్టుంటది, అన్నాడు మహిపాల్ నవ్వుతూనే, నవ్వు అంచు కొంచెం గట్టిపడింది, మీకేం లాభం సారూ దీంట్ల, వాళ్లు మీకేమైతరు, ఏమవుతారు, నా భార్య చెయ్యి వేడి చేసినోడు అని చెప్పాలనుకున్నాడు, పైకి మాత్రం, నియమం నియమమే మహిపాలూ, కాగితాలు నేను కోస్త, అన్నాడు, కత్తెర తెప్పించి పెళ్లి పత్రికల వెనక తెల్ల వైపు ముక్కలుగా కోశాడు, మూలనున్న క్యారమ్ బోర్డును బల్ల మీద నిలబెట్టి చాటు చేశాడు, చెప్పుల డబ్బా మూతకు గాటు పెట్టాడు, తీర్మానం కావాలంటే కావాలి అని, వద్దంటే వద్దు అని రాయుండ్రి, రాయ రానోళ్లు చుక్కో గీతో పెట్టుండ్రి, చుక్క కావాలి, గీత వద్దు, ముప్పై ఒక్క ఏళ్ల గొంతు ఎక్కడి నుంచో వచ్చి తన నోటితో మాట్లాడుతోంది.

ఒక్కొక్కరే వెళ్తున్నారు, క్యారమ్ బోర్డు వెనక తలలు వంగుతున్నాయి, కొందరు చటుక్కున రాసి వస్తున్నారు, కొందరికి ఆలస్యమవుతోంది, రెండు మాటల్లో ఒకటి రాయడానికి అంతసేపెందుకో, సమ్మమ్మను కుర్చీతో సహా లోపలికి తేవాలి, ఎవరూ కదలలేదు, గడప అవతలి చెప్పులు కదిలి ఆగాయి, రామలింగం ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క రాజేశ్వర్ రావు వచ్చి పట్టుకున్నాడు, ఆమె గీత గీసింది, కాగితం చిరిగేంత గట్టిగా, తన వంతు వచ్చింది, రిజిస్టరులో యమున పేరు పక్కన సంతకం పెట్టి, కాగితం మీద వద్దు అని రాశాడు, మడవలేదు, మడవకుండా అందరికీ కనిపించేలా పట్టుకుని డబ్బా దాకా నడిచాడు, చాటు కావాల్సిన వాళ్లకు చాటు ఉండాలి, తనకు ఇక అక్కర్లేదు, ఇది యమునది, ఎనిమిదేళ్లు ఆలస్యంగా, అనుకుంటూ వేశాడు.

మహిపాల్ డబ్బా తెరిచాడు, రామలింగం మనసులో లెక్క తేలిపోయింది, వద్దు అనేవి రెండు, ఒకటి సమ్మమ్మది, ఒకటి ఈ ఇంటిది, పోతే పోయింది, మినిట్స్‌లో ఏకగ్రీవం అన్న మాట ఉండదు, అంతవరకే, కావాలి అని చదివాడు మహిపాల్, కావాలి, వద్దు, గీత, సరే అయిపోయాయి మన రెండూ, కావాలి, వద్దు, మహిపాల్ కాగితం వెనకాముందూ తిప్పి చూశాడు, వద్దు, ఇంకో గీత, కావాలి, వద్దు, హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు, వద్దు, ఒకరు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశారు, ఒకరు వద్దు కింద రెండు గీతలు కొట్టారు, ఎవరు వీళ్లు, ఎక్కడున్నారు ఇన్నాళ్లు, చివరికి తేలింది, కావాలి పదమూడు, వద్దు పదిహేడు, ఒకటి తెల్ల కాగితం, మహిపాల్ నుదురు తుడుచుకుని, సరే, సంఘం మాట సంఘం మాటే, వీగిపోయింది, చాయ్ తెమ్మనుండ్రి, అన్నాడు, నీళ్లు బందు జేయరు గద ఇగ అన్నది సమ్మమ్మ, లేదవ్వా అన్నాడు మహిపాల్, గడప అవతల ఒక జత చెప్పులు కనిపించలేదు, కాసేపటికి మళ్లీ వచ్చాయి, రెండో జత పక్కకే.

సంతోషం రావాలి కదా, రాలేదు, ఈ పదిహేడు మంది ఇవాళ పుట్టలేదు, చాలామంది ఆ రోజూ ఈ హాల్లోనే ఉన్నారు, పైకి లేచిన చేతుల్లోనే ఉన్నారు, ఒక్క మాట, పద్నాలుగో నియమం అన్న ఒక్క మాట ఆ రోజు మింగకపోతే, ఆ వాన, ఆ ట్రాలీ ఆటో, గుడ్డలో చుట్టిన మిక్సీ, అనుకుంటుండగా రాజేశ్వర్ రావు వంగి, చెవిలో పడేంత చిన్నగా, ఆ దినం మీరు ఎత్తిండ్రని నేను ఎత్తిన సారూ, అన్నాడు, నేల చూస్తూ, మీ చెయ్యి కనపడ్డది, సారే ఎత్తంగ మనదేందనుకున్న, ఎనిమిదేండ్ల సంది నిద్ర పట్టదు ఒక్కోపారి, రామలింగం అతని వైపు తిరిగాడు, కాదు, మీదే ముందు లేచింది, మిమ్మల్ని చూసే నేను, అనబోయి ఆగాడు, ఎవరిది ముందు, ఎవరిదీ ముందు కాదు, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు ఒకరి చెయ్యి చూసి ఒకరు భయపడి ఇద్దరు మనుషుల్ని వానలోకి పంపారు, హాలు నిండా అట్లాంటి జతలే ఉండి ఉంటాయి, చాయ్ మనిషి కేటిల్ తెచ్చాడు, ఖాళీ కప్పులతో ట్రే బల్ల మీద ఉంది, రామలింగం లేచి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, కప్పుల్లోకి అతను చాయ్ పోస్తుంటే బరువు తెలిసింది, నిండిన ట్రే ఇంత బరువుంటుందని తెలియదు, గడప వైపు నడిచాడు, ముందు అక్కడ ఇవ్వాలి, ఒలకకుండా నడవాలంటే పక్కకు చూడకూడదు, చేతుల్లో ఉన్నదాన్నే చూసుకుంటూ పోవాలి, ఆ రోజు హాలంతా పక్కవాడి చెయ్యి చూస్తుంటే యమున ఒక్కతే ఇట్లా నడిచింది, ఎవరి చేతినీ చూడకుండా.